ఇంటి సౌనాకు ఏవి కొనాలి, ఏవి మానాలి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ శీతాకాలంలో గృహాలంకరణ శీర్షికకు ఫిన్లాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఒక గది గురించి ఉన్నాయి. దాదాపు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో సౌనాల సంఖ్య 30 లక్షలు దాటుతుందని అంచనా. అందువల్ల అక్కడ ఇల్లు కొన్నవారికి స్నానాల గదిని ఆనుకుని ఒక సౌనా కూడా చేతికి రావడం మామూలు విషయమే. ఫిన్లాండ్ సౌనా సంప్రదాయాన్ని యునెస్కో 2020 డిసెంబరులో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గదిని ఎన్నడూ చూడని పాఠకుల కోసం రెండు మాటలు. గోడలు, పైకప్పు చెక్కతో కట్టిన చిన్న గదిలో మెట్ల వరుసలా రెండు మూడు అంతస్తుల బల్లలు, ఒక మూల కట్టెలతోనో కరెంటుతోనో పనిచేసే పొయ్యి, దాని నిండా రాళ్లు ఉంటాయి. గదిని సాధారణంగా 70 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, కాలిన రాళ్ల మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతారు. అప్పుడు లేచే ఆవిరిని అక్కడివారు ‘లోయ్‌లు’ అంటారు. జిమ్ములలో కనిపించే టైల్స్ అతికించిన ఆవిరి గదులకు, పరారుణ దీపాల గదులకు ఈ కింది సమాధానాలు వర్తించవు.

ప్రశ్న: మేము వరుస ఇళ్ల సముదాయంలో ఒక ఇల్లు కొన్నాము. సౌనాలో విద్యుత్ హీటరు ఉంది కానీ, పాత యజమానులు మిగిలిన సామాను అంతా తీసుకుపోయారు. దుకాణానికి వెళితే ఒక గోడ నిండా బకెట్లు, గరిటెలు, దిండ్లు, టోపీలు, గడియారాలు, లాంతర్లు. మొదట ఏవి కొనమంటారు? — ఒక పాఠకురాలు, ఎస్పో

జవాబు: నీళ్లకు ఒక బకెట్, చల్లడానికి ఒక గరిటె, కూర్చోవడానికి మనిషికొక గుడ్డ, గోడకు ఒక థర్మామీటరు. ఈ నాలుగూ ఉంటే మీ సౌనా నడుస్తుంది. నీటిని, రాతిని, ఒంటిని తాకే వస్తువుల దగ్గర పొదుపు చేయకండి. గోడకు వేలాడే మిగతా వాటిని ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, అసలు కొనకపోయినా నష్టం లేదు.

బకెట్ విషయంలో అందరి కళ్లూ ముందుగా చెక్క పలకలు పేర్చి పట్టీలు బిగించిన సంప్రదాయ బకెట్ మీదికే వెళతాయి. అది అందంగానే ఉంటుంది, చేతికి చల్లగానూ తగులుతుంది. అయితే దానికి ఒక స్వభావం ఉంది: తడిసినప్పుడు చెక్క ఉబ్బి పలకల మధ్య సందులు మూసుకుంటాయి, ఎండినప్పుడు కుంచించుకుని సందులు తెరుచుకుంటాయి. కాబట్టి కొన్న రోజున నీళ్లు పోసి కొన్ని గంటలు నాననివ్వాలి. మొదట కొంత కారినా కంగారుపడనక్కరలేదు. వాడిన తర్వాత నీళ్లు పారబోసి, హీటరుకు దూరంగా, స్నానాల గదిలో బోర్లించి ఆరనివ్వాలి. వారం పాటు నీళ్లతో వదిలేస్తే అడుగు నల్లబడి బూజు వాసన వస్తుంది, వేడి గదిలోనే వదిలేస్తే ఎండిపోయి పట్టీలు జారిపోతాయి. వారానికి ఒకసారి మాత్రమే సౌనా వేసుకునేవారికి లోపల ప్లాస్టిక్ తొడుగు ఉన్న చెక్క బకెట్ గానీ, స్టీలు బకెట్ గానీ, రంగు పూత పట్టించిన అల్యూమినియం బకెట్ గానీ ఎక్కువ సుఖం. ప్లాస్టిక్ తొడుగు ఉన్నదైతే ప్రతిసారీ తొడుగును బయటికి తీసి రెండింటినీ విడివిడిగా ఆరబెట్టండి. చాలామంది మరిచిపోయేది ఇదే. నాలుగైదు లీటర్లు పట్టేది ఒక కుటుంబానికి సరిపోతుంది.

గరిటెను మాత్రం చేత్తో పట్టుకుని చూడకుండా కొనవద్దు. మీరు పై బల్ల మీద కూర్చుని చెయ్యి చాచినప్పుడు మీ మణికట్టు సరిగ్గా రాళ్ల పైకి రాకూడదు, ఎందుకంటే ఆవిరి మొదట తాకేది ఆ చేతినే. పిడి 40 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే, చేయి పక్కకు ఉంచి నీళ్లు చల్లవచ్చు. గిన్నె చిన్నదిగా ఉండాలి. ఒక విడతకు 200 మిల్లీలీటర్లకు మించి పోయవద్దని హీటర్ల తయారీదారులే సూచిస్తారు, ఎందుకంటే అంతకు మించితే అన్ని నీళ్లూ ఆవిరి కాకుండా కొన్ని సలసల కాగుతూ మనుషుల మీదికి చిందుతాయి. పెద్ద గిన్నె ఉన్న గరిటె చేతిలో ఉంటే దాన్ని సగమే నింపాలన్న సంగతి మొదటి వారం గుర్తుంటుంది, అతిథులు వచ్చిన రోజున గుర్తుండదు. మీ హీటరు గోడకు తగిలించిన పెట్టె ఆకారంలో ఉంటే మామూలు గరిటె చాలు. నేల నుంచి నిలువుగా లేచి చుట్టూ రాళ్లు కనిపించే స్తంభం లాంటి హీటరైతే, పై నుంచీ పక్క నుంచీ కూడా సన్నగా నీళ్లు వంపడానికి వీలుగా మూతి ఉన్న గరిటె మేలు.

కూర్చోవడానికి పరిచే చిన్న గుడ్డను అక్కడ ‘పెఫ్లెత్తి’ అంటారు. ఇది అలంకారం కాదు, శుభ్రత. చెమట నేరుగా చెక్కలోకి ఇంకకుండా, వేడి బల్ల నేరుగా ఒంటికి తగలకుండా ఇది కాపాడుతుంది. లినెన్ గుడ్డ త్వరగా ఆరుతుంది, ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. ఇంట్లో ఉన్న మందపాటి నూలు తువ్వాలును నాలుగు మడతలు వేసినా పని జరుగుతుంది, కాకపోతే ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక్కొక్కరికి రెండేసి చొప్పున ఉంచుకుంటే ఉతుకు దగ్గర హడావుడి ఉండదు.

ఇక దిండ్లు, ఉన్ని టోపీలు, వెన్ను ఆనించుకునే చెక్క చట్రాలు: పై బల్ల మీద పడుకునే అలవాటు ఉంటే చెక్క తలగడ ఒకటి కొనుక్కోండి. ఉన్ని టోపీ ఫిన్లాండ్‌లో కన్నా రష్యా, ఎస్టోనియాలలో ఎక్కువ వాడుక. చెవులు, జుట్టు వేడికి మండుతున్నాయనిపిస్తే అది నిజంగానే పనికొస్తుంది. ఏది కొన్నా స్క్రూలూ మేకులూ ఒంటికి తగిలే వైపున పైకి తేలి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి.

ప్రశ్న: మా సౌనా వేడెక్కడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతోంది. నీళ్లు పోస్తే ‘సుయ్’మనడానికి బదులు రాళ్ల మధ్యలోంచి జారి కింద కారిపోతున్నాయి. హీటరు మార్చాలంటారా? — ఒక పాఠకుడు, టాంపెరే

జవాబు: హీటరు మీద అనుమానపడే ముందు రాళ్లను చూడండి. సౌనా సామగ్రిలో అన్నింటికన్నా ముఖ్యమైనవీ, అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేవీ రాళ్లే. అవి శాశ్వతం కావు. కాలడం, తడవడం, మళ్లీ కాలడం వల్ల లోపల సన్నని పగుళ్లు పట్టి నెమ్మదిగా పొడి అవుతాయి. ఆ పొడి, చిన్న ముక్కలు అడుగున పేరుకుని గాలి దారిని మూసేస్తాయి. పై రాళ్లు కిందికి కుంగి, హీటింగ్ ఎలిమెంట్లు బయటపడతాయి. గాలి ఆడని చోట ఎలిమెంటు మితిమీరి కాలి త్వరగా పాడవుతుంది, రాళ్లు మాత్రం చాలినంత వేడెక్కవు. మీరు వర్ణించినది సరిగ్గా ఇదే.

హీటరు పూర్తిగా చల్లారిన తర్వాత, ఇంటి మెయిన్ స్విచ్ దగ్గర దాని లైను ఆపివేసి, పక్కన పాత దుప్పటి పరిచి రాళ్లన్నింటినీ ఒక్కొక్కటిగా బయటికి తీయండి. రెండు రాళ్లను ఒకదానితో ఒకటి తట్టండి. కొత్త కుండను కొట్టి చూసినట్టే, మంచి రాయి ఖంగున మోగుతుంది, చచ్చిన రాయి మొద్దుగా పలుకుతుంది. చేత్తో నలిపితే అంచులు రాలేవి, తెల్లగా పెచ్చులు లేచేవి, పగులు కనిపించేవి పక్కన పడేయండి. అడుగున చేరిన ఇసుక, కంకర పూర్తిగా తీసివేయండి. నిలిచిన రాళ్లను నీటితో కడిగి తిరిగి వాడవచ్చు.

కొత్తవి కొనేటప్పుడు పొట్లం మీద పెరిడోటైట్ అని గానీ, ఆలివిన్ డయబేస్ అని గానీ ఉంటుంది. రెండూ బరువైన, గట్టి, వేడిని పట్టి ఉంచే అగ్నిశిలలే. మొదటిది చవక, రెండవది సాధారణంగా ఎక్కువ కాలం మన్నుతుంది. ఇంటి హీటర్లలో చాలావాటికి 5 నుంచి 10 సెంటీమీటర్ల రాళ్లు సరిపోతాయి, కచ్చితమైన కొలత, బరువు మీ హీటరు పుస్తకంలో ఉంటాయి. కొన్ని హీటర్లలో తేలికపాటి సిరామిక్ ముక్కలను వాడకూడదని తయారీదారులు స్పష్టంగా చెబుతారు, కాబట్టి తెల్లగా మెరుస్తున్నాయని వాటిని కొనే ముందు ఆ పుస్తకం చూడండి.

పేర్చడం కూడా ఒక పనే, గుమ్మరించడం కాదు. రాళ్లను కడిగి దుమ్ము పోగొట్టాలి. పెద్దవి అడుగున, చిన్నవి పైన ఉండాలి. ఎలిమెంట్ల మధ్య రాళ్లను గట్టిగా ఇరికించకూడదు, ఎందుకంటే వేడికి ఎలిమెంటు సాగుతుంది, ఇరుక్కున్న చోట వంగిపోతుంది. రాయి మీద రాయి తన బరువుతో తాను నిలబడాలి, మధ్యలో గాలి పైకి పోవడానికి సందులుండాలి, ఎలిమెంట్లు పై నుంచి కనిపించకూడదు. కనిపిస్తే నీళ్లు నేరుగా వాటి మీద పడతాయి. పైన గోపురంలా పోయకండి. మొదటిసారి వేడి చేసినప్పుడు ఒక రకమైన వాసన వస్తుంది కాబట్టి, తలుపు తెరిచి, ఎవరూ లోపల కూర్చోకుండా ఒక విడత కాలనివ్వండి. మామూలు ఇంటి వాడుకకు ఏడాదికి ఒకసారి రాళ్లు తీసి పేర్చడం, పాడైనవాటిని మార్చడం సరిపోతుంది. ఇదంతా చేశాక కూడా వేడెక్కకపోతే అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: మా విల్లాలో ఫిన్లాండ్ పద్ధతి సౌనా పెట్టించాము. బోరు నీళ్లు పోస్తున్నాము, రాళ్ల మీద తెల్లటి పొర కడుతోంది. కొత్త రాళ్లు దిగుమతి చేసుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, నది గులకరాళ్లు గానీ ఇక్కడి గ్రానైట్ ముక్కలు గానీ వేయవచ్చా? తల ఆనించుకునే పలకను టేకుతో చేయిస్తానని మా వడ్రంగి అంటున్నాడు. — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ తెల్లటి పొర బోరు నీటిలోని సున్నపు లవణాలది. నీరు ఆవిరై పోతుంది, లవణం రాతి మీదా ఎలిమెంటు మీదా మిగిలిపోతుంది. ఇనుము ఎక్కువ ఉన్న నీరైతే ఎర్రటి మరకలు కూడా పడతాయి. ఉప్పు నీరు, క్లోరిన్ కలిపిన ఈత కొలను నీరు అసలే పోయరాదు. ఒక పూట సౌనాకు రాళ్ల మీద పోసే నీళ్లు రెండు మూడు లీటర్లు మించవు కాబట్టి, వంటింటి ఆర్వో యంత్రంలోని నీళ్లే వాడండి. కుళాయి నీరే వాడక తప్పదనుకుంటే, రాత్రంతా మూత లేకుండా ఉంచితే అందులోని క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది, సున్నం మాత్రం పోదు.

నది గులకరాళ్లు వద్దు. నీటిలో ఏళ్ల తరబడి నానిన రాతి పగుళ్లలో తేమ చిక్కుకుని ఉంటుంది, వేడికి అది ఆవిరై రాయి ఫటేలున పగిలే ప్రమాదం ఉంది. మామూలు గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ వంటి వేర్వేరు ఖనిజాలు వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, అందువల్ల అది కూడా త్వరగా బీటలు వారుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన ప్రాంతంలో నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే రాళ్లలో చాలావరకు నిజానికి గ్రానైట్ కావు, డోలరైట్ జాతివి. డయబేస్ అన్నది ఆ జాతికే మరో పేరు. అయినప్పటికీ దుకాణంలో దొరికే నునుపు చేసిన ముక్కలకు మైనం, రెజిన్ పట్టించి ఉండవచ్చు, ఏ రాయి ఏ క్వారీదో, లోపల పగుళ్లున్నాయో లేవో తెలిసే వీలు లేదు. కొన్ని వేల రూపాయల ఆదా కోసం కళ్ల ముందున్న పొయ్యిలో ప్రయోగం చేయడం నాకు సమ్మతం కాదు. హీటరు కంపెనీ డీలరు దగ్గరే రాళ్లు తెప్పించుకోండి.

టేకు మంచి కలపే, కానీ ఒంటిని తాకే చోట కాదు. బరువైన, చిక్కని కలప వేడిని త్వరగా చర్మానికి అందిస్తుంది. అందుకే ఫిన్లాండ్‌లో బల్లలకు, తలగడలకు ఆస్పెన్, ఆల్డర్ వంటి తేలికపాటి, జిగురు కారని కలపలను వాడతారు. ఆఫ్రికా నుంచి వచ్చే అబాచీ కూడా ఇందుకే వాడుకలో ఉంది. బయట తువ్వాళ్లు పెట్టుకునే అలమార టేకుతో చేయించుకోండి. ప్లైవుడ్, వార్నిష్ వేసిన పలక లోపలికి రానివ్వవద్దు. వేడికి జిగురు, పూతల వాసన గది నిండా పడుతుంది.

ప్రశ్న: ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి చెంబుతో నీళ్లు పోయవచ్చా? అలాగే శుక్రవారం నాడు రాళ్ల మీద కొంచెం సాంబ్రాణి వేస్తే గది అంతా పరిమళంగా ఉంటుందని మా అత్తగారి ఆలోచన. — ఒక పాఠకురాలు, వాంతా

జవాబు: మీ అత్తగారి ఆలోచనలోని మొదటి సగం ఫిన్లాండ్ వారికీ ఉన్నదే. వారు కూడా సౌనాలో పైన్ కట్టె నుంచి తీసే తారు, బిర్చ్ చెట్టు ఆకు వంటి వాసనలను ఇష్టపడతారు. రెండవ సగమే ప్రమాదం. సాంబ్రాణి, గుగ్గిలం, కర్పూరం అంటుకునే పదార్థాలు. వందల డిగ్రీల వేడిలో ఉన్న రాతి మీద పడితే అవి మండుతాయి లేదా కరిగి రాళ్ల మధ్యలోంచి ఎలిమెంట్ల మీదికి జారి పొగ చిమ్ముతాయి. గది చుట్టూ ఉన్నది ఎండిన చెక్క అన్న సంగతి మరవకూడదు. పొగ ఆరాక మిగిలే జిగురును రాళ్ల నుంచి వదిలించడం కూడా కుదరదు. శుక్రవారం ధూపం దేవుడి గదిలోనే వేసుకోమని చెప్పండి.

పరిమళం కావాలంటే సౌనా కోసం ప్రత్యేకంగా అమ్మే సుగంధ ద్రవాన్ని సీసా మీద రాసిన మోతాదులో బకెట్ నీళ్లలో కలిపి ఆ నీళ్లను చల్లండి. నీలగిరి తైలం వాసన మన ఇళ్లలో అలవాటే కాబట్టి అదే రకం తీసుకోవచ్చు. ఏ తైలాన్నీ నేరుగా రాతి మీద పోయరాదు, అది భగ్గుమంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఉంటే పరిమళం మాటే వదిలేయండి.

రాగి చెంబు సంగతి: రాగికి నీటితో తగవు ఏమీ లేదు, ఫిన్లాండ్‌లోనూ రాగి బకెట్లు, రాగి గిన్నె ఉన్న గరిటెలు అమ్ముతారు. అయితే వాటి పిడి చెక్కది, పొడవైనది. చెంబుకు పిడి లేదు, అంచు పట్టుకుని పోయాలంటే చెయ్యి రాళ్ల దగ్గరికి పోవాలి, పైగా 80 డిగ్రీల గదిలో కొద్దిసేపు ఉన్న రాగి అంచు చేతికి చురుక్కుమంటుంది. నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించినట్టు పడతాయి కూడా. చెంబును బయట స్నానాల గదిలో తల మీద నీళ్లు పోసుకోవడానికి ఉంచుకోండి, అక్కడ దానికి మించినది లేదు.

ప్రశ్న: సౌనాలోకి వెళ్లేటప్పుడు నగలన్నీ తీయాలంటున్నారు. మంగళసూత్రం తీయడం నాకు ఇష్టం లేదు. ఏదైనా ఉపాయం ఉందా? ఏ బట్టలు కట్టుకోవాలి? — ఒక పాఠకురాలు, ఎస్పో

జవాబు: గాలి 80 డిగ్రీలున్నా మన చర్మం చెమటతో చల్లబడుతూ ఉంటుంది, బంగారానికి చెమట పట్టదు. అది గది వేడిని పీల్చుకుని, తాకిన చోట వేడిని ఇట్టే ఒంటికి అందిస్తుంది. గొలుసు కదిలి కొత్త చోట తగిలినప్పుడల్లా చురుకు తెలుస్తుంది. గాజులు, జుంకాలు, నల్లపూసల గొలుసు, కాలి పట్టీలు తప్పక తీయండి. తలుపు బయట ఒక మూత ఉన్న చిన్న చెక్క పెట్టెను గోడకు బిగించుకుంటే వాటిని ఎక్కడ పెట్టామా అన్న వెతుకులాట ఉండదు. నిజానికి మన ఇళ్లకు అవసరమైన సౌనా సామగ్రిలో దీన్ని నేను ముందు వరుసలో చేరుస్తాను.

మంగళసూత్రం విషయంలో మీ మనసుకు నచ్చినట్టే చేయండి. గొలుసుకు బదులు పసుపు తాడుకు సూత్రాలు గుచ్చుకుని, వాటి కింద తడి నూలు గుడ్డను మడత వేసి ఉంచుకుని, మధ్య బల్ల మీద తక్కువసేపు కూర్చునేవారు ఉన్నారు. అలా చేసినా సూత్రాలు లోహమే కాబట్టి వేడి తగులుతోందనిపించిన వెంటనే బయటికి రావాలి. మెట్టెలు కాళ్ల దగ్గర ఉంటాయి, కింది వైపు వేడి తక్కువ కాబట్టి వాటితో అంత ఇబ్బంది రాదు, కాళ్లు పై బల్ల మీదికి ముడుచుకుని కూర్చుంటే మాత్రం ఆ మాట వర్తించదు.

కుటుంబంలోనివారు బట్టలు లేకుండా కూర్చోవడం ఫిన్లాండ్‌లో ఆనవాయితీ. బయటివారు ఉన్నప్పుడు ఆడవారు, మగవారు సాధారణంగా విడివిడిగా వెళతారు. తువ్వాలు చుట్టుకుని కూర్చున్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు. పలచటి నూలు వస్త్రం మంచిది. జరీ అంచున్నది, పాలియెస్టర్ కలిసినది, లోహపు హుక్కులున్న ఈత దుస్తులు వద్దు.

ప్రశ్న: హీటరు తెర మీద 85 డిగ్రీలు చూపిస్తుంది, గోడ మీది థర్మామీటరు 65 చూపిస్తుంది. ఏది నమ్మాలి? తేమ మీటరు కూడా కొనాలా? — ఒక పాఠకుడు, ఔలు

జవాబు: రెండూ నిజమే చెబుతుండవచ్చు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి సౌనాలో పైకప్పుకూ నేలకూ మధ్య ఉష్ణోగ్రతలో చాలా తేడా ఉంటుంది. హీటరు సెన్సరు సాధారణంగా పైకప్పు దగ్గరో హీటరు పైనో ఉంటుంది. మీ గోడ థర్మామీటరు ఎంత ఎత్తులో ఉందో చూడండి. పై బల్ల మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో, హీటరుకు ఎదురుగా కాకుండా, తలుపు గాలి తగలని చోట బిగిస్తే అది చెప్పే అంకె మీ ఒంటికి తెలిసే వేడికి దగ్గరగా ఉంటుంది. లోహపు చుట్ట ఉన్న ముల్లు థర్మామీటరు చాలు. పాదరసం ఉన్న గాజు థర్మామీటరును ఎన్నడూ లోపలికి తేవద్దు. తేమ మీటరు మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. వాటిలో చవకవి కాలక్రమంలో తప్పు అంకెలు చూపిస్తాయి, మధ్యమధ్యలో సరిచేస్తూ ఉండాలి. నీళ్లు చల్లాక చెవి కొసలకు తగిలే చురుకు మీకు అంతకన్నా త్వరగా సంగతి చెబుతుంది. పదిహేను నిమిషాల ఇసుక గడియారం మాత్రం చవకైన, చెడిపోని వస్తువు. ఫోనును లోపలికి తీసుకుపోకుండా ఉండటానికి అదొక సాకు కూడా.

ప్రశ్న: బిర్చ్ కొమ్మల కట్ట ఎప్పుడు కొనాలి? దానికి బదులు వేప రెమ్మలు వాడవచ్చా? — ఒక పాఠకురాలు, టాంపెరే

జవాబు: ఒంటి మీద మృదువుగా తట్టుకునే ఈ కట్టను పశ్చిమ ఫిన్లాండ్‌లో ‘విహ్తా’ అనీ, తూర్పున ‘వాస్తా’ అనీ అంటారు. మీరు ఉండే టాంపెరేలో విహ్తా అని అడగండి. జూన్ చివర వచ్చే యుహన్నుస్ పండుగ నాటికి బిర్చ్ ఆకు పూర్తిగా విచ్చుకుని, కొమ్మకు గట్టిగా అంటి ఉంటుంది. కట్టలు కట్టే కాలం అదే. పరాయివారి నేలలో చెట్టు కొమ్మలు నరకడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, యజమాని అనుమతి కావాలి. శీతాకాలానికి కావాలంటే తాజా కట్టలను సంచిలో పెట్టి ఫ్రీజరులో దాచుకోవచ్చు, లేదా నీడలో ఎండబెట్టవచ్చు. ఎండినదాన్ని వాడే ముందు గోరువెచ్చని నీటిలో ఆకు మెత్తబడేదాకా నానబెట్టాలి. ఆ నీటికే చక్కని వాసన వస్తుంది. కట్టను రాళ్ల మీద పెట్టి వేడి చేయకూడదు, ఆకు మాడి పొగ వస్తుంది.

వేప రెమ్మల ఆకులు చిన్నవి, నాలుగు దెబ్బలకే రాలిపోయి పుల్లలు మిగులుతాయి, ఆ పుల్లలు గీసుకుంటాయి. ఫిన్లాండ్‌లో మంచి వేప రెమ్మలు దొరికితే సౌనాకు కాదు, ఉగాది పచ్చడికి దాచుకోండి. మీది అపార్ట్‌మెంటులోని ఉమ్మడి సౌనా అయితే ముందుగా నిబంధనల పత్రం చదవండి. ఆకులు మురుగు జాలీలో ఇరుక్కుంటాయని కొన్ని భవనాలలో ఈ కట్టలను అనుమతించరు. సొంత సౌనాలోనూ ఆరిపోక ముందే ఆకులను ఏరివేయాలి, తర్వాత అవి బల్లకు అంటుకుపోతాయి.

ప్రశ్న: మా పిల్లవాడికి నాలుగేళ్లు. వాడి కోసం ఏమైనా ప్రత్యేకంగా కొనాలా? సౌనా వాడని రోజుల్లో అందులో ఉతికిన బట్టలు ఆరేసుకోవచ్చా? — ఒక పాఠకుడు, ఎస్పో

జవాబు: మీ రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు: వద్దు, ఎంతమాత్రమూ వద్దు. ఫిన్లాండ్‌లో సౌనా అగ్నిప్రమాదాలకు తెలిసిన కారణాల్లో ఇదొకటి. హీటరు పైన తీగ కట్టి బట్టలు ఆరేస్తారు, ఎవరో పొరపాటున మీట తిప్పుతారు లేదా టైమరు దానంతట అది మొదలవుతుంది, ఒక తువ్వాలు జారి రాళ్ల మీద పడుతుంది. సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, అట్టపెట్టెలు దాచుకునే స్టోరు గదిగా సౌనాను మార్చడం కూడా ఇలాంటిదే. అలా వాడక తప్పదనుకుంటే ఎలక్ట్రీషియన్‌తో హీటరు లైనును శాశ్వతంగా తీయించండి.

పిల్లవాడి కోసం కొనవలసినది హీటరు చుట్టూ బిగించే చెక్క కంచె. మీ హీటరు నమూనాకు తయారీదారు ఇచ్చిన కనీస దూరాలు పాటించేదే కొనాలి. మరీ దగ్గరగా బిగించిన కంచె తానే కాలిపోతుంది. వాడిని కింది బల్ల మీద, ఒక పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి కూర్చోబెట్టండి, అక్కడి కుటుంబాలు చేసేది అదే. కొద్ది నిమిషాలు చాలు, పెద్దవారు పక్కనే ఉండాలి, గరిటె వాడి చేతికి ఇవ్వకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, దానికి గడియ ఉండరాదు. ఇంట్లో గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలు, గర్భిణులు ఉంటే డాక్టరును అడిగిన తర్వాతే లోపలికి పంపండి.

ప్రశ్న: నువ్వుల నూనె రాసుకుని సౌనాలో కూర్చుంటే తలంటుకు బాగుంటుందనిపించింది, కానీ బల్ల మీద జిడ్డు మరకలు పడ్డాయి. ఎలా పోగొట్టాలి? — ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: నూనె వేడికి చెక్క లోపలికి ఇంకుతుంది కాబట్టి పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను. గోరువెచ్చని నీళ్లలో సౌనా బల్లల కోసం అమ్మే ద్రవాన్ని గానీ, ఘాటు లేని సబ్బును గానీ కలిపి, చెక్క నారల వెంట మెత్తని బ్రష్షుతో రుద్ది కడగండి. ఆరాక సన్నని ఇసుక కాగితంతో తేలికగా రుద్దితే పై మరక చాలావరకు తేలిపోతుంది. ఆ తర్వాత సౌనా బల్లలకు అమ్మే పారఫిన్ నూనెను పలచగా పట్టిస్తే చెమట, మురికి లోపలికి ఇంకడం తగ్గుతుంది. నువ్వుల నూనె అలా కాదు, చెక్కలో మిగిలి కొంతకాలానికి కంపు కొడుతుంది. పైగా జిడ్డు పాదాలతో తడి మెట్లు దిగడం ప్రమాదం. ముందుగా సౌనా, ఆ తర్వాత స్నానాల గదిలో నూనె, కుంకుడు రసం: ఈ వరుసలో చేసుకుంటే బల్లకూ మంచిది, జుట్టుకూ మంచిది.

ప్రశ్న: మా ఆయన సహోద్యోగి సరస్సు పక్కనున్న వేసవి ఇంట్లో సౌనాకు పిలిచారు. చేతిలో ఏం పట్టుకువెళ్లాలి? — ఒక పాఠకురాలు, హెల్సింకి

జవాబు: మీ తువ్వాళ్లు మీరు తీసుకువెళ్లండి, సరస్సులో దిగే ఆలోచన ఉంటే చెప్పులు కూడా. కానుకగా మంచి లినెన్ పెఫ్లెత్తిల జత ఇస్తే ఏ ఫిన్నిష్ ఇంట్లోనూ వృథా కాదు. బకెట్, గరిటె మాత్రం కానుకగా కొనకండి, వేసవి ఇళ్లలో అవి తాతల నాటివి ఉంటాయి, వాటి స్థానంలో కొత్తది పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. పులిహోర చేసి తీసుకువెళ్లే ఉద్దేశం ఉంటే సౌనా ముగిశాక వడ్డించండి, నిండు కడుపుతో పై బల్ల ఎక్కడం ఎవరికీ సుఖంగా ఉండదు.